కమాన్‌పేటకు బస్సు

పొద్దున పదిన్నరకే మున్సిపల్ హాలంతా ఉగ్గాని బజ్జీల వాసన.

కౌన్సిలర్లు ఫైళ్లు పక్కకు నెట్టి ప్లేట్లు పెట్టుకున్నారు. ఒకాయన నూనె వేళ్లు తుడుచుకోవడానికి ఇంకేమీ దొరకనట్టు ముందున్న ప్లాను కాగితాన్నే నలిపి తుడుచుకున్నాడు.

వార్డు ప్లానింగ్ సెక్రటరీ ఆరాధన మిగతా కాగితాలు తన వైపు లాక్కుంది. రెండు నెలలు ఎండలో తిరిగి ఆమె గీసిన ప్లాను అది.

సంగతి చిన్నదే. కమాన్‌పేటకు సిటీ బస్సు రావాలి. పేట మొగదల్లో నవాబుల కాలంనాటి రాతి కమాను ఉంది. దాని కింద ఆటో పడుతుంది, బస్సు పట్టదు. కమాను కొట్టేయాలి, లేదా దాని పక్కనున్న ఖాళీ జాగాలోంచి దారి మళ్లించాలి.

ఆరాధన గీసింది ఆ రెండో దారి.

కానీ జాగా గేటుకు తాళం. దాని సొంతదారులు ఎప్పుడో ఊరొదిలి పోయారు. ఎక్కడున్నారో పేటలో ఎవరికీ తెలియదు. ఆరాధన ఆ గేటుకు మూడుసార్లు నోటీసు అంటించింది. ఈ రోజే ఆఖరు గడువు.

"ఏం పాపా, నీ జాగా ఆసామి దొరికినాడా?" బజ్జీ నములుతూ అడిగాడు చైర్మన్ వీరభద్ర.

"లేదు సార్. ఇంకో నెల గడువిస్తే..."

"నెలా? అంతలోకి బస్సుకు గడ్డం మొలుస్తాది."

కౌన్సిలర్లు పగలబడి నవ్వారు.

"బస్సు కావల్ల, కమాను కొట్టల్ల" అని వెనక బెంచీల మీంచి అరుపులు.

ముప్పై మంది. అందరి మెడల్లో ఒకే రకం కొత్త తువ్వాళ్లు, అందరి చేతుల్లో చిత్రాన్నం పొట్లాలు. వాళ్లలో ఒక్కరిదీ కమాన్‌పేట కాదు. కూలికి తెచ్చిన జనం. ఆ సంగతి పిలిపించిన చైర్మన్‌కు తెలుసు, పొట్లాలు పంచిన అటెండరు ఓబుళేశుకూ తెలుసు, చూస్తున్న ఆరాధనకూ తెలుసు.

అప్పుడే ఎవరో తుమ్మారు. ఆ పక్కన ఇంకొకరు. తుమ్ములు వరస కట్టాయి.

ఆరాధన వెనక్కి తిరిగింది. మాసిన పంచె, ఎర్రదుమ్ము పట్టిన చొక్కా, ఒళ్లంతా మిరపకాయల ఘాటు. చేతిలో చిత్రాన్నం పొట్లం పట్టుకుని ఒక ముసలాయన నేరుగా ఆమె దగ్గరికే వస్తున్నాడు.

"కమాను సంగతి మాట్లాడేది ఈడనేనామ్మా?"

ఆమె ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంది. "మీవాళ్లు అక్కడున్నారు. పోయి వాళ్లతో కలిసి అరవండి."

"మావాళ్లెవరూ రాలేదమ్మా. నేనొక్కన్నే. గుంటూరు తట్టు నుంచి వస్తాండా, డోన్‌లో రైలు దిగి. ఒక్క మాట చెప్పల్ల."

"ఎంతిస్తామన్నారు?"

"ఎవురు?"

"ఆ పొట్లం ఇచ్చినవాళ్లు."

ముసలాయన పొట్లం వైపు చూసుకున్నాడు. "వాకిట్లో అందరికీ ఇస్తాంటే నాకూ ఇచ్చిరి. నిన్నటి నుంచి ఏమీ తిన్లేదు, తీసుకుంటి. తీసుకోకూడదా?"

ఎంత బాగా నేర్పి పంపారు, అనుకుంది ఆరాధన. అటెండరు వైపు తిరిగింది.

"ఓబుళేశూ, ఈయన్ని బయటికి పంపించు. ఊపిరాడట్లేదు ఇక్కడ."

"ఒక్క మాటేమ్మా, ఆ కమాను..."

"కమాను కొట్టాలి, బస్సు రావాలి. అంతేగా? పొద్దున్నుంచి వింటూనే ఉన్నాను. పోండి."

ఓబుళేశు రెక్క పట్టుకున్నాడు. "నడువప్పా. మేడమ్ చెప్తాంది గదా. మెట్ల కాడ కూచోని పొట్లం తినుపో."

ముసలాయన రెండుసార్లు వెనక్కి చూసి, వెళ్లిపోయాడు.

"ఇంగ చేతులెత్తండప్పా" అన్నాడు చైర్మన్.

ఎత్తారు. కొన్ని చేతుల్లో బజ్జీలు కూడా ఉన్నాయి.

తీర్మానం మీద సిరా ఆరకముందే కమాను దగ్గర జేసీబీ మొరిగింది. తెల్లవారుజామునే దాన్ని తెచ్చి పక్క సందులో నిలబెట్టారట. అన్ని వందల ఏళ్ల రాయి ముప్పావుగంటలో నేల కూలింది. ఆ దుమ్ములోనే నిలబడి చైర్మన్ సెల్ఫీ తీసుకున్నాడు. తువ్వాళ్ల జనం లారీ ఎక్కి పోయారు.

మధ్యాహ్నం ఆరాధన అక్కడికి వెళ్లేసరికి, కూలిన రాళ్ల మధ్య మిరప ఘాటు. ముసలాయన ఒక రాయి మీద చెయ్యి ఆనించి కూర్చున్నాడు.

"ఇంకా ఇక్కడే ఉన్నారా? మీ లారీ పోయింది."

"నాకు లారీ ఎందుకమ్మా." ఆయన తలెత్తలేదు. "మాయమ్మ ఈ కమాను నీడన బొరుగులమ్మి నన్ను సాకింది. దీన్ని కొట్టేస్తారంట అని, మాతో మిరప కోతకొచ్చిన కోసిగి ఊరి ఆడమనిషి ఫోన్లో చూపిచ్చె. కోత ఇడిసిపెట్టి వస్తి."

ఆరాధన మళ్లీ ముక్కుకు అడ్డం పెట్టుకున్న చున్నీ జారింది.

"అంటే... కొట్టొద్దని చెప్పడానికా వచ్చారు?"

"కొట్టే పనిల్యాదని చెప్దామని."

"మీరు చెబితే వినేవాళ్లా? అక్కడ నేను రెండు నెలలుగా మొత్తుకుంటే..."

"పోనీలేమ్మా. అయిపాయ గదా. ఈ రాళ్లు రోడ్డు మీదుంటే రాత్రికే ఎవురో ఒకరు ఎత్తకపోతారు. ఒక చెయ్యెయ్యి, లోపల పెడ్దాం."

"లోపలంటే ఎక్కడ?"

ముసలాయన లేచి, పంచె దులుపుకుని, మొలతాడుకున్న తాళంచెవి విప్పి, ఆమె మూడు నోటీసులూ అంటించిన గేటు తాళం తీశాడు.