జమున పంటి కింద లవంగం

"నొప్పే లేనప్పుడు రూట్ కెనాల్ ఏంది డాక్టరమ్మా? జమునా, లే! పోదాం."

ఇంద్రసేన గొంతుకు నాంపల్లి స్టేషన్ రోడ్డులోని ఆ చిన్న పళ్ల క్లినిక్ అదిరింది. బేగంబజార్‌లో లవంగాల దుకాణం ఆయనది. తనకు చెప్పకుండా భార్య పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లిందని తెలిసి, అబిడ్స్ ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ ఆటోలో వచ్చిపడ్డాడు. లవంగాల సేటు ఇల్లాలి పంటికి డాక్టరు కావాల్సి వచ్చిందని బజారుకు తెలిస్తే ఇంకేమన్నా ఉందా!

కుర్చీలో వెనక్కి వాలి ఉన్న జమున కదల్లేదు. ఇంద్రసేన డాక్టరు వైపు తిరిగాడు.

"మా లవంగం పెట్టుకుంది, నొప్పి మాయమైంది. మాది అసలు సరుకు! మా దుకాణం ఎదురుంగ సదాశివ అమ్ముతడు, నూనె పిండేసిన పుల్లలు. గవి పెడితే ఏం తగ్గుతది?"

బెంచీ మీద బుగ్గ పట్టుకుని కూర్చున్న సోమయాజులు గారికి ప్రాణం లేచొచ్చింది. "నాకూ ఓ నాలుగు ఇప్పించండి సేటుగారూ. ఈ సూదులంటే నాకు చచ్చే భయం."

ఇంద్రసేన జేబులోని శాంపిల్ పొట్లం ఆయన చేతిలో ఒంపాడు. సోమయాజులు గారు ఒకటి పంటి కింద పెట్టుకుని, చెప్పుల కోసం చూస్తున్నారు.

డాక్టర్ మృదుల జమునను అడిగింది. "మొదట్లో చల్లనీళ్లు తాగితే ఎట్లుండె?"

"జివ్వుమనేది. నీళ్లు మింగినంక గూడ శానాసేపు గుంజేది."

"వేడి చాయ్?"

"తర్వాత దానికీ లేసింది. నిద్రల నుంచి లేపి కూసోబెట్టేది."

"అప్పుడే రావద్దా అమ్మా?"

జమున ఒళ్లోని సంచిని దగ్గరికి లాక్కుంది. భర్త వైపు చూడలేదు.

"సేటూ, లవంగంతో నొప్పి తగ్గలేదు. నొప్పి తెలిసే నరమే పంటి లోపల చచ్చిపోయింది. చిగురు మీద ఈ చీము పొక్కు చూడండి." డాక్టరు పంటిని మెల్లగా తట్టింది. జమున కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. "ఇంకొన్నాళ్లు ఆగితే పన్ను పీకేసుడే. రూట్ కెనాల్ చేస్తే నిలబడుతది."

ఇంద్రసేన తల వాలిపోయింది. రాత్రుళ్లు ఆమె మూలుగుతుంటే "లవంగం పెట్టుకో" అని అటు తిరిగి పడుకున్నది తనే.

"మాఫ్ చెయ్యి జమునా. నా ఇజ్జత్ చూసుకున్న గానీ నీ బాధ చూడలే. చేసెయ్యండి డాక్టరమ్మా." సోమయాజులు గారు ఇంకా అక్కడే ఉన్నారని గుర్తొచ్చి గొంతు సవరించుకున్నాడు. "అయినా గిన్ని దినాలు ఓర్చుకున్నవంటే మన లవంగం మహిమే గదా?"

జమున సంచిలోంచి పొట్లం తీసింది. దాని మీద సదాశివ దుకాణం పేరుంది.

"గిదేంది?" అన్నాడు ఇంద్రసేన.

"మన బస్తాలవి నూనె పిండినవి, ఇంట్ల వాడొద్దని పెండ్లయిన కొత్తల మీరే గదా చెప్పిన్రు!"