తగ్గించిన మైకు

లైవ్ మొదలవడానికి పది నిమిషాలుంది. రావాల్సిన హీరో ఇంకా ట్రాఫిక్‌లోనే ఉన్నాడు.

కంట్రోల్ రూమ్‌లో డైరెక్టర్ ఫోన్ చెవిన పెట్టుకుని పచార్లు చేస్తున్నాడు. ఫ్లోర్ మీద వాళ్ళందరూ అతన్ని 'ఉరుము' అంటారు. అతను లేనప్పుడే లెండి.

"రాలేనక్కా. లైవ్ ఉంది."

"అమ్మ పోయిన రోజూ ఇంతే కదరా!"

నిజమే. ఆ రోజు షూటింగ్‌లో ఉండి ఫోన్ కట్టేసి పెట్టాడు. మళ్ళీ ఆన్ చేసేసరికి అంతా అయిపోయింది.

"పోయేముందు నన్ను తలుచుకుందో, తిట్టుకుందో... ఆ ఒక్కటీ తెలిస్తే చాలక్కా నాకు."

"ఆసుపత్రికి చేరకుండా దార్లోనే పోయింది. వినడానికి మనవాళ్ళు ఒక్కరైనా పక్కన ఉంటేగా!"

అక్క ఏడుస్తోంది. ఏదో అనబోయాడు. ఇంతలో ఫ్లోర్ మేనేజర్ గొంతు వినిపించింది.

"సార్, హీరో గారికి ఇంకో పావుగంట పడుతుందట!"

"అందాకా ఖాళీ కుర్చీ చూపిస్తావా? ఎవర్నో ఒకర్ని పట్టుకురా. నాలుగు కబుర్లు చెప్పేవాడైతే చాలు."

ఫ్లోర్ మేనేజర్ బయటికి పరిగెత్తాడు. రిసెప్షన్ బెంచీ మీద, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"డైరెక్టర్ గారికి ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతాను బాబూ."

"భేషుగ్గా చెప్పండి! లోపల కుర్చీలో కూర్చుని చెప్పండి. ఆయన పైనుంచి అంతా వింటూనే ఉంటారు."

"అందరి ముందూనా?"

"అందరూ మీవాళ్ళే అనుకోండి."

హీరో కోసం సిద్ధం చేసిన కాలర్ మైకు పెద్దాయన చొక్కాకెక్కింది. హీరో కోసం తెచ్చిన ఇయర్‌పీసు చెవిలో దూరింది.

"ఇదెందుకు నాయనా? నాకేం చెవుడు లేదు."

"డైరెక్టర్ గారి మాట మీకు వినబడాలిగా."

పెద్దాయన ముఖం విప్పారింది. కానీ ఇయర్‌పీసు ఈయనకి పెట్టిన సంగతి పైన కంట్రోల్ రూమ్‌కి చెప్పడం ఆ హడావుడిలో ఫ్లోర్ మేనేజర్ మరిచేపోయాడు.

ఎర్ర లైటు వెలిగింది.

"బాబాయ్ గారూ, మీరేం చేసేవారు?" యాంకర్ చలాకీగా అడిగింది.

"బండి మీద డ్యూటీ అమ్మా."

"డ్రైవరా?"

"కాదమ్మా. వెనకాల కూర్చునేవాణ్ణి."

"అబ్బ, ఎంత సుఖమైన ఉద్యోగమండీ!"

ప్రేక్షకులు గొల్లుమన్నారు. పెద్దాయనా నవ్వాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"ఓ సాయంత్రం ఒక పెద్దావిడ బండెక్కారు. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. 'నాకో కొడుకున్నాడు నాయనా' అన్నారు..."

ఆగాడు. మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. మెల్లిగా తాగాడు.

పైన డైరెక్టర్ హీరో మేనేజర్‌తో ఫోన్‌లో అరుస్తున్నాడు. "గేటు దగ్గరికొచ్చేశారా? హమ్మయ్య!" ఎవరో పెద్దావిడ, కొడుకు అని ఓ చెవిన పడింది. ఫోన్ పెట్టేసి తెరకేసి చూస్తే పెద్దాయన ఇంకా నీళ్ళే తాగుతున్నాడు. ఒళ్ళు మండిపోయింది. ఇయర్‌పీసుల్లో అందరికీ వినబడే మీట నొక్కాడు.

"ఏంటీ జీడిపాకం? ఎవరి అమ్మ ఎవరితో ఏమంటే మనకెందుకు? ఆయన మైకు తగ్గించెయ్. యాంకర్, బ్రేక్ చెప్పు!"

పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. చెవి తడుముకున్నాడు. పైనెక్కడో ఉన్న మనిషి కోసం అటూ ఇటూ వెతికి, చివరికి కెమెరాలోకి సూటిగా చూశాడు.

ఏదో ఒక్క చిన్న మాట అన్నాడు.

మైకు తీశాడు. ఇయర్‌పీసు తీశాడు. రెంటినీ కుర్చీలో జాగ్రత్తగా పెట్టి లేచి వెళ్ళిపోయాడు.

"ఏంటి, మనల్ని తిట్టాడా?" పైన డైరెక్టర్ నవ్వాడు.

"మైకు తగ్గించేశాను కదా సార్, వినబడలేదు," అన్నాడు సౌండ్ ఇంజనీర్.

"మంచి పని చేశావు."

హీరో వచ్చాడు. షో అదిరిపోయింది. అందరితో చేతులు కలుపుతూ కిందికి దిగిన డైరెక్టర్‌ని రిసెప్షనిస్టు ఆపింది.

"సార్, ఆ పెద్దాయన మీతో మాట్లాడారా?"

"ఎవరు, ఆ జీడిపాకమా? నాతో ఏం పని?"

"అంబులెన్సులో పనిచేసేవారట. మీ అమ్మగారి ఆఖరి మాట మీకు చెప్పాలని వచ్చారు. ఆవిడ 'టీవీలో పనిచేసే మా అబ్బాయి' అన్నారే గానీ పేరు చెప్పలేకపోయారట. ఆ అబ్బాయి మీరేనని తెలుసుకోడానికి ఆయనకి ఇన్నాళ్ళు పట్టిందట సార్."

డైరెక్టర్ గబుక్కున బెంచీ కేసి చూశాడు. ఖాళీగా ఉంది.

"వెళ్ళేటప్పుడు ఆపాను. 'చెప్పాల్సింది చెప్పేశానమ్మా. కానీ ఆ బాబుకి అక్కర్లేదట, ఆయనే అన్నారు' అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు."

"నేననడం ఆయనెలా విన్నాడు?"

వెనక నిలబడ్డ ఫ్లోర్ మేనేజర్ తల దించుకున్నాడు. "ఇయర్‌పీసు... హీరో గారిది ఆయనకి పెట్టాను సార్."

డైరెక్టర్ గేటు దాకా పరిగెత్తాడు. రోడ్డు నిండా జనం. పెద్దాయన ఎటు వెళ్ళాడో చెప్పేవాళ్ళు లేరు. ఆయన పేరైనా ఎవరూ అడిగి ఉండలేదు. పక్కనే కూర్చున్న యాంకర్‌నడిగితే, ఆయన అన్నది తను వినలేదంది.

ఎగరొప్పుతూ కంట్రోల్ రూమ్‌కి వచ్చిపడ్డాడు.

"ఆ ముక్క వెయ్యి. సౌండ్ పెంచు."

"ఎంత పెంచినా రాదు సార్. మైకు తగ్గించమని మీరే..." సౌండ్ ఇంజనీర్ నాలిక్కరుచుకున్నాడు.

"వెయ్యి నాయనా, నీకు పుణ్యముంటుంది!"

తెర మీద పెద్దాయన అతని కళ్ళలోకి సూటిగా చూస్తూ అమ్మ ఆఖరి మాట చెప్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి. డైరెక్టర్ మళ్ళీ వేయించాడు, మళ్ళీ వేయించాడు. ఎన్నిసార్లు వేసినా వినిపిస్తున్నది మాత్రం యాంకర్ గొంతే: "ఎక్కడికీ వెళ్ళకండి, ఇప్పుడే వచ్చేస్తాం!"