ఎడమచేత్తో ఇస్తే పుచ్చుకోని మనిషి

ముసలాయన చేతిలోంచి గుండీ మళ్లీ జారిపడింది.

దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా చిట్టి కుర్చీ కిందే ఆగింది.

“అమ్మాయ్, కాస్త అందిస్తావా? నా నడుం వంగదు,” అన్నాడాయన.

చిట్టి వంగి, ఎడమచేత్తో తీసి ఇవ్వబోయింది.

“ఎడమచేత్తో ఇస్తే నేను పుచ్చుకోను,” అని ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

పక్కనే కూర్చున్న తల్లికి ఒళ్లు మండింది. కుడిచెయ్యి పనిచెయ్యకనే కదా పిల్లను రోజూ రెండు బస్సులు మార్చి ఈ ఆసుపత్రికి ఈడ్చుకొస్తోంది. అది కళ్లెదుట కనబడుతూనే ఉన్నా ఈయనగారికి మర్యాదలు కావలసివచ్చాయి.

చిట్టి సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేసేది. ఆవగింజంత స్క్రూలను కూడా మాట్లాడుతూనే బిగించేసేది. మెదడులో రక్తం గడ్డకట్టి, ఒక పొద్దున్న లేచేసరికి ఆ చెయ్యి తనది కానట్టు పక్కన పడి ఉంది. దుకాణం యజమాని మంచివాడే. నెలాఖరు దాకా చూస్తానన్నాడు. ఆ తర్వాత ఇంకొకరిని పెట్టుకోక తప్పదని కూడా అన్నాడు.

ఇక్కడ తలకు అయస్కాంతంలా పనిచేసే తీగచుట్ట ఆనించి మెదడును తట్టి లేపుతారట. ఆ మాట విన్న రోజు తల్లికి కంటిమీద కునుకు లేదు. మర్నాడు పిల్ల జడపిన్నులు, చెవిదుద్దులు తీయించి, తన సంచీలోని తాళంచెవులు కూడా ఇంట్లోనే పెట్టి వచ్చింది. ఒంట్లో ఐరన్ ఉంటుంది కదా, అయస్కాంతం దాన్ని లాగేయదా అని డాక్టరును అడిగింది. నవ్వు ఆపుకోవడానికి ఆయన నానా అవస్థా పడ్డాడు. పిల్లకు ఐరన్ తక్కువని లోగడ ఎవరో అన్నారు కదా, లాగినా దానికేం దొరుకుతుందిలే అని తనకు తనే ధైర్యం చెప్పుకుంది.

యంత్రం టక్కుమన్నప్పుడల్లా చిట్టి బొటనవేలు దానంతటదే ఎగిరిపడేది. అది చూసి తల్లి సంబరపడితే డాక్టరు ఆపాడు.

“తలుపు తట్టడం వరకే మిషను పనమ్మా. లోపలివాళ్లు లేచినప్పుడే పని చెప్పాలి. వెంటనే ఆ చేత్తో ఏదో ఒకటి చేయించాలి.”

అందుకే పక్కగదిలో గుండీల పళ్లేలు పెట్టారు. ఒక పళ్లెంలోంచి ఇంకో పళ్లెంలోకి ఒక్కొక్కటే మార్చాలి. చిట్టి ఒకటో రెండో మార్చి, చెయ్యి ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చునేది. గట్టిగా చెబితే కళ్లనీళ్లు పెట్టుకునేది. బతిమాలే ఓపిక కూడా తల్లికి అయిపోయింది.

ఎదురుగా ఈ ముసలాయన. నోరు ఊరుకోదు, చెయ్యి నిలవదు. వచ్చింది మొదలు గుండీలు పారబోసుకుంటూనే ఉంటాడు. చిట్టి విసుక్కుంటుంది, నవ్వుతుంది, చివరికి వంకరపోయిన వేళ్లతోనే తంటాలుపడి ఏరి, కుడిచేత్తోనే ఆయన అరచేతిలో పెడుతుంది.

తల్లికి ఆ నవ్వు కనబడలేదు. ఆయన చెయ్యే కనబడింది. ఇంత వైద్యం చేయించుకున్నా ఆ చెయ్యి అలాగే ఉందంటే, తన పిల్ల గతీ రేపు అంతేనా? ఎదురుగా దాన్నే చూస్తూ కూర్చుంటే పిల్లకు ఉన్న కాస్త ఆశా చచ్చిపోదూ?

ఆ రోజు తిన్నగా మిషను నడిపే అమ్మాయి దగ్గరికి వెళ్లింది. మమ్మల్ని వేరే గదిలో కూర్చోబెట్టండి, లేదా ఆయన్ను పంపెయ్యండి అంది.

“అమ్మా, ఆయన...” అని ఆ అమ్మాయి ఏదో చెప్పబోయి ఆగిపోయింది.

“ఆయనెవరైతే నాకేం? నా పిల్ల ఆయనకు పనిమనిషి కాదు.”

ఆయన గుమ్మంలోంచి విన్నాడు. కోపం తెచ్చుకోలేదు. గుండీలన్నీ పళ్లెంలో పోసి, చిట్టితో వస్తానమ్మాయ్ అని చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి రాలేదు.

గది నిశ్శబ్దంగా ఉంది. చిట్టి గుండీల జోలికే పోలేదు. మళ్లీ గోడ, మళ్లీ ఆ చూపు. నెలాఖరు ముంచుకొస్తోంది. కసిరినా, గడ్డం పట్టుకున్నా ఆ చెయ్యి ఒళ్లోంచి లేవలేదు.

అప్పుడు తట్టింది తల్లికి. ఇన్నాళ్లలో పిల్ల ఆ చేత్తో చేసిన పనల్లా ఆ ముసలాయన గుండీలు ఏరడమే.

తనూ ఒక గుండీ కింద పడేసింది. జారిపోయిందే అని నొచ్చుకుంది కూడా.

చిట్టి కదల్లేదు.

“కావాలనే పడేశావు. తెలిసిపోతోందమ్మా. ఆయనవైతే నిజంగా జారేవి.”

తల్లి కాళ్లీడ్చుకుంటూ మిషను అమ్మాయి దగ్గరికి వెళ్లింది. ఆయన్ను ఎలాగైనా పిలిపించమంది. తప్పయిందని చెప్పుకుంటానంది. ఆయన చెయ్యి బాగయ్యేదాకా, పిల్లకు చేతకానప్పుడు తనే వంగి ఏరిపెడతానంది.

“ఆయన చెయ్యి నిరుడే బాగైపోయిందమ్మా, ఈ మిషను మీదే,” అంది ఆ అమ్మాయి. “ఎవరు చెయ్యి కదపడం లేదో అడిగి మరీ వాళ్ల ఎదురుగా కూర్చునేవారు. తెలిస్తే ఎవరూ ఏరరని మమ్మల్ని చెప్పనిచ్చేవారు కాదు. నిన్ననే వాళ్ల బృందంతో ఊరు వదిలారు.”

“బృందమా? ఏం బృందం?”

ఆ అమ్మాయి తన ఫోనులో మొన్నటి వీడియో పెట్టి, తిప్పి చూపించింది.

వేదిక మీద వెలుగులో, నల్లకోటు తొడుక్కున్న ముసలాయన వేళ్ల మీద గుండీలు చీమలబారులా పరుగెడుతున్నాయి, మాయమవుతున్నాయి, ఎవరి చెవి వెనకనుంచో పుట్టుకొస్తున్నాయి; జనం ఊపిరి బిగబట్టి చూస్తున్న ఆ ఇంద్రజాలికుడి చేతిలోంచి ఒక్కటంటే ఒక్క గుండీ కూడా జారలేదు.