వంద తంగేడు గింజలు

బువ్వ తినేముందు చేతులు కడుక్కోవడానికి లస్మవ్వ నల్లా దగ్గరికి పోగానే వేణుమాధవ్ ఆమె గుడ్డమూట విప్పాడు. అందులో వంద తంగేడు గింజలు. అతని స్టీలు డబ్బాలోనూ వందే. మూటలోవి కాగితం మీద పోసుకున్నాడు, డబ్బాలోవి మూటలో కట్టాడు, కాగితం మీదివి డబ్బాలోకి వంపాడు. ముసలిది దాచేటప్పుడు కలిపిన బూడిదంతా తుడిచినట్టుంది, రెండూ ఒక్కలాగే ఉన్నాయి. దొంగతనం ఇంత తేలికని ఇన్నాళ్లూ తెలియలేదు మన సూపర్‌వైజర్ గారికి!

ఓపెన్‌కాస్టు గని తవ్వి పోసిన మట్టిగుట్ట మీద మొక్కలు పెంచే కాంట్రాక్టులో ఇద్దరికీ పని. ఎండాకాలమంతా అతను విత్తాల్సిన గింజల్లో సగం ప్లాస్టిక్ కవర్లో బిగించి రేకుల షెడ్డులో పెట్టాడు.

"గోదావరిఖని ఎండకు రేకుల కింద మనిషే ఉడుకుతడు, గింజ బతుకుతదా బిడ్డా?" అంది లస్మవ్వ. మిగతా సగం బూడిదలో కలిపి, కుండలో పోసి, మూతికి మట్టి మెత్తి, నీళ్ల గోలెం పక్కన చల్లటి చోట పెట్టింది.

"నాకు నేర్పుతున్నవా అవ్వా?" అని అతను లేచాడు. మాటా మాటా పెరిగి మేనేజర్ రాజకుమారి మేడం దాకా పోయింది.

"చెరి వంద గింజలు, చెరొక మడి. ఎవరి మడి మొలవకుంటే వాళ్లు ఇంటికే," అని తేల్చేసిందామె.

వేణుమాధవ్ తన కవర్లోవి నాలుగు గింజలు ముందే తడిగుడ్డలో కట్టి చూసుకున్నాడు. మొలక మాట దేవుడెరుగు, కుళ్లి కంపు కొట్టాయి. ఇంట్లో భార్యకు ఏడో నెల. ఇక సిగ్గుపడే తీరిక ఎక్కడిది?

గింజలు మార్చిన ఆ మధ్యాహ్నమే మేడం ఎదుట ఎవరి మడిలో వాళ్లు విత్తారు.

పదిహేనో రోజు మేడం వచ్చింది. లస్మవ్వ మడి పచ్చగా కళకళలాడుతోంది. వేణుమాధవ్ మడిలో గడ్డి తప్ప ఏమీ లేదు. అతను మోకాళ్ల మీద కూలబడి వేలితో మట్టి కెలికాడు. కుళ్లిన గింజలు.

"గిదెట్ల అయితది మేడం? మొలవాలె గద!"

"నన్నడుగుతవేంది? రేపటి సంది డ్యూటీకి రాకు," అనేసి ఆమె జీపెక్కింది.

అతను గట్టు మీదే కూర్చుండిపోయాడు. గెలిచిన లస్మవ్వ తన మడి వంక చూడనే లేదు. అతని మడినే చూస్తూ, పాలిపోయిన మొహంతో వచ్చి పక్కన కూర్చుంది.

"నీ గింజ ఒకటి కొరికి చూసిన బిడ్డా. లోపలంత పుచ్చే. నాదేముంది, యాడన్న కలుపు తీసుకొని బతుకుత. నీ ఇంట్ల చూస్తే కడుపుతోటున్న పిల్ల. అందుకే విత్తిన నాడు పొద్దుగాల షెడ్డు ఊడ్వనొచ్చి, నా మూటలయి నీ డబ్బల పోసిన. నీయి నా మూటల కట్టుకున్న."

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుని, అమాయకంగా అడిగింది.

"మరి నా గింజలు మల్ల నా మూటలకే ఎట్లొచ్చినయి బిడ్డా?"