పెద్దడాక్టరు ఊకొట్టాడు

“చీము పట్టిన రక్తనాళంలో స్టెంటు పెడతావా? నీకు నేను నేర్పింది ఇదేనా?” అంటూ మంచం మీదినుంచే కస్సుమన్నాడు పెద్దడాక్టరు.

ఆయన దగ్గరే కత్తి పట్టడం నేర్చుకున్న శిష్యురాలు స్కాను ఫిల్ము ఆయన ముందు పెట్టింది. ఇవాళ రోగి ఆయనే మరి. కడుపులో ఉండే పెద్ద రక్తనాళానికి చీము పట్టి, గోడ బుడగలా ఉబ్బింది. ఏ క్షణాన పగులుతుందో తెలీదు. పాడైన ముక్కని కోసి పారెయ్యాలే గానీ లోపల స్టెంటు గొట్టం తొడిగితే చీము దానికీ అంటుకుంటుందని జన్మంతా వాదించినవాడాయన.

“కోస్తే మీ గుండె తట్టుకోదు సార్. ముందు ప్రాణం నిలబెడదాం. చీము సంగతి మందులతో చూసుకుందాం,” అంది.

ఆయన ససేమిరా అన్నాడు. భార్యకి ఒళ్ళు మండింది. డాక్టరు మాట వినమని ఊరందరినీ గదిమే మనిషి, తనదాకా వచ్చేసరికి మొండికేస్తే ఎలాగని నిలదీసింది. దాంతో దిగొచ్చాడు గానీ షరతులు పెట్టాడు. పూర్తి మత్తు ఇవ్వకూడదు, తొడ దగ్గర తిమ్మిరెక్కిస్తే చాలు. తనవైపు కూడా ఒక మానిటరు పెట్టాలి. తను చూసి ఊకొట్టాకే ఆమె చెయ్యి కదలాలి. డాక్టరే రోగి అయితే ఇంతే సంగతులు.

గజ్జల్లోంచి స్టెంటు ఉన్న తీగ పైకి పాకింది. మధ్యలో పచ్చగుడ్డ అడ్డంగా కట్టారు, ఆయన మొహం ఆమెకి కనబడదు. ఆగి ఆగి అడుగుతోంది. అవతల్నించి ‘ఊ’ అని వినబడగానే ప్రాణం లేచొస్తోంది.

సరిగ్గా స్టెంటు విప్పబోయే వేళకి బీపీ దబ్బున పడిపోయింది. రక్తనాళం పగిలింది. మానిటరు మీద బొమ్మ మసగ్గా ఉంది. కాస్త పైకి జరిగితే కిడ్నీలకి రక్తం వెళ్ళే దారి మూసుకుపోతుంది, కిందికి జరిగితే రక్తం ఆగదు. ఆమె స్టెంటుని ఒకచోట ఆపింది.

“ఇక్కడేనా సార్?”

“ఊ.”

దేవుడి మీద వేసినట్టు ఆయన మీద భారం వేసి విప్పేసింది. రక్తం ఆగింది. బీపీ మెల్లగా పైకొచ్చింది.

మర్నాడు ఆయన కాళ్ళకి దండం పెట్టింది. “మీరు ఊకొట్టకపోతే నాకంత ధైర్యం ఎక్కడిది సార్? అంత మసకలో ఆ చోటు ఎలా పోల్చుకున్నారు?”

భార్య వింటుందేమోనని పెద్దడాక్టరు గుమ్మంవైపు చూసి, గొంతు తగ్గించాడు.

“చూస్తే కదమ్మా! నువ్వు సూది పొడిచినప్పట్నించీ భయంతో కళ్ళు మూసుకునే ఉన్నాను.”