బోరు కాడ చెప్పులు ఇడువాలె

"చెప్పులు ఇడువుండ్రి బిడ్డా. బోరు కాడికి చెప్పులతోని రాము మేము. గంగమ్మ ఉంటది" అంది ఈరవ్వ.

వినీత చప్పున తిరిగి, స్టార్టరు డబ్బాను చంకలో పెట్టుకుని పక్కనే నిలబడ్డ ప్రేమ్‌సింగ్ వంక చూసింది. వాడు అప్పటికే తల దించుకుని తన రబ్బరు చెప్పులు చూసుకుంటున్నాడు.

వాళ్ళ వ్యాపారమంతా ఆ చెప్పుల మీదే నిలబడి ఉంది మరి. ఇద్దరూ ఇంటర్ రెండో ఏడు. కామారెడ్డిలో పాత ఇనుప సామాను కొట్టులో కాలిపోయిన మోటరు స్టార్టర్లు కొంటారు. ప్రేమ్‌సింగ్ విప్పి, వైర్లు మార్చి, పైన బూడిదరంగు కొడతాడు. వినీత ఫొటో తీసి, "కొత్తదాని లెక్క నడుస్తది" అని రాసి ఫోన్లో అమ్మకానికి పెడుతుంది. చిక్కల్లా ఒక్కటే. డబ్బా రేకుకు అప్పుడప్పుడు కరెంటు పాకుతుంది. "చెప్పులు ఏస్కొని ముట్టుకుంటే ఏం గాదు తియ్" అని మొదట్లోనే తేల్చేశాడు ప్రేమ్‌సింగ్. ఆ ముక్క ఫొటో కింద రాస్తే కొనే మహానుభావుడెవడు? వినీత రాయలేదు. సరుకు అమ్ముడుపోగానే కొన్నవాళ్ళ నంబరు బ్లాక్ చేసి చేతులు దులుపుకునేది.

అలా నాలుగు డబ్బాలు బస్టాండులోనే చేతులు మారిపోయాయి. ఈ ఐదోదాని దగ్గరే ఈరవ్వ అడ్డం తిరిగింది. ఎల్లారెడ్డి అవతల తన చేను దగ్గరికే తేవాలట, బిగించి నడిపి చూపిస్తేనే కొంటుందట.

"రాత్రి వాన పడ్డది గద అవ్వా. అంత బురదున్నది. చెప్పులతోనే వస్తం" అంది వినీత.

"బురదైతే కడుక్కుంటం. గంగమ్మకు కోపమొస్తే ఏంతోని కడుక్కుంటం?"

ఈరవ్వ నవ్వింది. ఆ నవ్వు ఎందుకో వినీతకు నచ్చలేదు. ఇద్దరూ చెప్పులు గట్టు మీద విడిచి బురదలోకి దిగారు.

బోరు పక్కన పాతిన రాతి స్తంభానికి మెయిన్ స్విచ్ ఉంది. దాని పిడి కిందికి దించి ఉందని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాక ప్రేమ్‌సింగ్ డబ్బా బిగించడం మొదలుపెట్టాడు. వాడి చేతిలోంచి స్క్రూ రెండుసార్లు జారి బురదలో పడింది. ఈరవ్వ గట్టు మీద గొంతుకూర్చుని రెప్ప వేయకుండా చూస్తోంది.

"మీ అమ్మకు ఎంతమంది బిడ్డా?" అని అడిగింది ఉన్నట్టుండి.

"నేనొక్కదాన్నే" అంది వినీత.

"ఒక్కదానివే" అని తల ఊపింది ఈరవ్వ.

వైర్లు బిగించడం అయింది. ఈరవ్వ లేచి, గట్టు మీదినుంచే పొడుగాటి ఎండు కట్టె ఒకటి చాపి మెయిన్ స్విచ్ పిడిని పైకి నెట్టింది. డబ్బా మీది చిన్న బల్బులు ఎప్పుడో మాడిపోయాయి కాబట్టి వెలిగేదేమీ లేదు. కానీ వినీతకు ఆ డబ్బా అప్పుడే పడగ విప్పినట్టు అనిపించింది.

"ఊ, బటన్ వత్తు కొడుకా" అంది ఈరవ్వ.

ప్రేమ్‌సింగ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "నా చెయ్యి తడిగున్నదవ్వా."

"అయితే నువ్వు వత్తు బిడ్డా."

"గా కట్టె ఇటియ్యవ్వా. దాంతోని వత్తుత" అంది వినీత.

"కట్టెతోనెందుకు? కొత్తదాని లెక్క నడుస్తదని నువ్వే రాస్తివి గద?"

నిజం చెబితే ఈ ఒక్క డబ్బాతో పోదు. వెనక అమ్మిన నాలుగూ బయటికొస్తాయి, ఇంట్లో తెలుస్తుంది, కాలేజీలో తెలుస్తుంది.

"పోదాం పా. డబ్బా ఈడనే ఇడిసి పోదాం" అని చెవిలో గొణిగాడు ప్రేమ్‌సింగ్.

ఎంత సుఖమైన దారి! వాళ్ళు వచ్చిన బండి ఆ గట్టు మీదే ఉంది. వెళ్ళిపోతే ఈ ముసలమ్మే వత్తుకుంటుంది, తర్వాత సంగతి తర్వాత. ఛీ, ఆ ఆలోచనకు వినీతకే ఒళ్ళు జలదరించింది. అయినా కాళ్ళు మాత్రం ఆమెను అడక్కుండానే బండి వైపు రెండడుగులు వేశాయి.

"మీకు భయమైతున్నట్టున్నది. నేనే వత్తుత తియ్" అంటూ ఈరవ్వ కొంగు నడుముకు చెక్కుకుంది. వట్టి కాళ్ళతో బురదలోకి దిగి డబ్బా వైపు చేయి చాపింది.

"అవ్వా, ముట్టకు!" వినీత గొంతు చించుకుని అరిచింది. "డబ్బాకు కరెంటు కొడ్తది! చెప్పులు లేకుంట ముట్టుకుంటే సచ్చిపోతవ్!"

ఈరవ్వ ఆగలేదు. అరచేయి మొత్తం తెచ్చి డబ్బాకు ఆనించింది. వినీత కళ్ళు గట్టిగా మూసుకుంది.

చప్పుడేమీ లేదు. కళ్ళు తెరిచేసరికి ఈరవ్వ డబ్బాను అలాగే పట్టుకుని నిలబడి ఉంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

"కరెంటు లేదు బిడ్డా. నెల కిందనే తీగెలు తెంపిచ్చిన" అంది మెల్లగా. "గిప్పుడు నాకు చెప్పిన గీ మాట, మీ కాడ డబ్బా కొన్ననాడు మా ముత్తయ్యకు చెప్తే, నా కొడుకు బతికెటోడు గద!"