కడపటి సీను

సినిమా అయిపోయింది. హాల్లో ఉన్నవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు.

వెనక వరుసలో కూర్చున్న పెద్దావిడ మాత్రం కొట్టలేదు.

తిరుత్తణిలో రైసుమిల్లు వరదరాజులు గారి మేడమీద తెలుగు సంఘంవాళ్ళు నెలకొక ఆదివారం పాత తెలుగు సినిమా వేస్తారు. డిస్కు తెప్పించేది ఆయన. ప్లేయరూ తెరా చూసుకునేది బ్యాంకులో పనిచేసే రంజిత. బొమ్మ అయిపోగానే ఒక్కొక్కరి అభిప్రాయం ఫోనులో రికార్డు చేసి నెట్లో పెట్టేదీ ఆమే.

ఆవేళ వేసింది ఆ కాలంలో ఊరూరా ఆడిన సినిమా. భర్త గెంటేసిన ఇల్లాలు చంటిబిడ్డతో నానా అగచాట్లు పడి, చివరికి తానే తిరిగొచ్చి ఆయన కాళ్ళమీద పడుతుంది. పాత ప్రింటును శుభ్రంచేసి కొత్తగా డిస్కు వేశారేమో, ఆమె కన్నీటిబొట్టు కూడా మెరిసిపోతూ కనబడింది.

"ఆడదంటే అట్ల ఉండాల," అన్నాడు ముందు వరుసలోని ధనకోటి కళ్ళు తుడుచుకుంటూ.

"ఆ కడపటి సీను కోసమే మా అమ్మ టాకీసుకు మళ్ళీ మళ్ళీ పోయిందంట," అంది పక్కనున్న కృష్ణమ్మ.

రంజిత ఫోను పట్టుకుని వెనక వరుసకు వచ్చింది. ఆ పెద్దావిడను ఇదివరకెప్పుడూ చూడలేదు.

"మీ పేరేందమ్మా? సినిమా ఎట్ల ఉండాది?"

"చెంగమ్మ. తిరువళ్ళూరు నించి వచ్చినా. పడం బాగుండాది. కడపటి సీను అబద్ధం."

హాలంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగింది.

"అబద్ధమేంది?" అన్నారు వరదరాజులు.

"ఆ పిల్ల తిరిగి పోదయ్యా. బిడ్డనెత్తుకుని వానలో అంత దూరం నడిచింది. కూలి చేసింది. సొంతంగా పొయ్యి రాజేసుకునింది. ఇంక దేనికి పోతాది?"

"మొగుడు మారినాడు కదమ్మా!"

"మారినాడని ఎవురు చెప్పినారు? వాడు ఒక్క మాట అనలేదే. కుర్చీలో కూర్చోనుండాడు, ఈ పిల్ల వచ్చి కాళ్ళు పట్టుకునింది. అంతే కదా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. వరదరాజులు మొహం ఎర్రబడింది.

"ఆ సీను చూసి జనం ఇన్నేండ్లుగా ఏడస్తా ఉండారు. వాళ్ళందరికీ తెలీనిది మీకు తెలుసా?"

"తెలుసు."

"ఇది కథమ్మా. మీ ఇంటి పంచాయతీ కాదు!"

"కథైతే మాత్రం? దీన్ని చూపించి ఎంతమంది ఆడోళ్ళని మళ్ళీ ఆ నరకానికే తోలినారో, రోంత ఆలోచించినారా?"

"చాలు. రంజితా, ఫోను ఆపు."

"ఆపొద్దు పాపా," అంటూ లేచింది చెంగమ్మ. గొంతు పెంచలేదు. "కడపటి సీను అబద్ధం. యాడ అడిగినా ఇదే చెప్తా."

మెట్లు దిగి వెళ్ళిపోయింది. రంజిత మనసాగక వెనకే పోయి, స్టేషను దాకా తోడు నడిచింది.

"తప్పుగా అనుకోవద్దవ్వా. మా వరదరాజులు మామ మాట అట్లనే ఉంటాది."

"నేనేమీ అనుకోలే. నా మాట పెడతావా, కోసేస్తావా?"

రంజిత తల దించుకుని ఫోను సంచిలో పెట్టుకుంది. చెంగమ్మ నవ్వింది.

"మార్కెట్టు కాడ చెంగమ్మ మెస్సంటే ఎవురైనా చూపిస్తారు. ఒకనాడు వచ్చి భోంచేసి పో."

ఆ సాయంత్రమే వరదరాజులు ఫోను చేశారు. "ఆమె మాట తీసేయ్ పాపా. సంఘం పరువు పోతాది."

రంజిత తీసేసి, మిగతావాళ్ళ మాటలతో వీడియో పెట్టింది.

వీడియో కింద చూసినవాళ్ళు రాయడం మొదలుపెట్టారు. 'కన్నీళ్ళాగలేదు.' 'ఇట్లాంటి ఇల్లాళ్ళు ఇప్పుడు యాడున్నారు?' 'ఈ కాలం ఆడపిల్లలకు ఈ సినిమా చూపించాల.'

ఆ చివరి మాట దగ్గర రంజిత ఆగిపోయింది. డిస్కు ఇంటికి తెచ్చుకుని ఆ సీను మళ్ళీ వేసుకుంది. నిజమే. మొగుడు ఒక్క మాట అనలేదు. కుర్చీలోంచి లేవనైనా లేదు.

చెంగమ్మ మాటలను విడిగా నెట్లో పెట్టేసింది.

"తీసేస్తావా, మేడ తాళంచెవి ఇచ్చేసి పోతావా?" అన్నారు వరదరాజులు.

"తాళంచెవి తెచ్చిస్తా మామా. వీడియో తీయను."

అన్నట్టే తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఈ సినిమాల ఏర్పాటంతా ఇంతకాలం తన చేతులమీదే నడిచింది. వెనక్కి తిరగకుండా మెట్లు దిగింది.

చెంగమ్మ మాటల కింద వేరే మాటలు వచ్చిపడ్డాయి. 'మా అక్కను ఈ సినిమాకు తీసుకుపోయి, మర్నాడే అత్తింటికి పంపినారు' అని పొన్నేరి నించి ఒకామె. 'నేను పోలే. బాగుండా' అని శోళవరం నించి ఇంకొకామె. రాసినవాళ్ళంతా ఆడవాళ్ళే.

అవన్నీ అవ్వకు చదివి వినిపించాలని రంజిత తిరువళ్ళూరు రైలెక్కింది.

మెస్సు జనంతో కిటకిటలాడుతోంది. గల్లాపెట్టె పైన చెంగమ్మ ఫోటో ఉంది. దానికి పూలదండ వేసి ఉంది.

"పోయిన వారం నిద్రలోనే పోయింది," అంది గల్లా దగ్గరున్న ఆమె కూతురు. "మెస్సు ఒక్కపూట కూడా మూయొద్దని ఎప్పుడో చెప్పిపెట్టింది. నువ్వు తిరుత్తణి పాపవా? వస్తావని చెప్పింది. కూర్చో, భోంచేద్దువు."

రంజిత కూర్చోలేకపోయింది. ఫోను తీసి ఆమె చేతికిచ్చింది.

వడ్డన సందడి మధ్య చెంగమ్మ గొంతు మళ్ళీ వినబడింది. కూతురు ఆ మాటలు రెప్పవేయకుండా విన్నది. ఆడవాళ్ళు రాసినవన్నీ చదివింది. ఏడుస్తూనే నవ్వింది.

"ఆ పడానికి కథ రాసినాయన మా అమ్మకు సొంత అన్న. జనం ఒప్పుకోరని కడపటి సీను మార్చినాడంట. ఆ వానలో అమ్మ ఎత్తుకుని నడిచిన బిడ్డను నేనే పాపా, మేము మళ్ళీ ఆ ఇంటికి పోనేలేదు."